ఎడారిలో బట్టమేక పక్షి

ఎడారి అనగానే ప్రాణిలేని ఇసుకతిన్నెలు మనస్సునకు తోచును. భారత, పాకిస్తాన్ దేశముల సరిహద్దున వ్యాపించిన థార్ ఎడారి అట్టిది కాదు. అందు తిన్నెలు కొంత భాగమే. మిగిలిన చోట్ల రాతినేలలు, జమ్మిచెట్లు, సేవణ్ అను గడ్డి పెరుగు మైదానములు గలవు. రాజస్థానములోని జైసల్మేరు, బాడ్మేరు జిల్లాలలో 3,162 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును 1980లో ఎడారి జాతీయ ఉద్యానముగా ప్రకటించిరి.

నీరు కరవైన ఈ నేలపై పక్షులు బ్రతుకు విధము విచిత్రమైనది. శాండ్‌గ్రౌస్ అను పావురమంత పక్షి నీటికొరకు చాల దూరము పోవును. మగపక్షి తన పొట్టమీది ఈకలను నీటిలో తడిపి తెచ్చి పిల్లల దప్పి తీర్చును. శీతకాలమున మధ్య ఆసియా, మంగోలియాల నుండి కురజ అను బూడిదవన్నె పక్షులు వేలకొలది ఖీచన్ గ్రామమునకు వచ్చును. గ్రామస్థులు వాటికి ధాన్యము చల్లుదురు.

వీటన్నింటిలో మిక్కిలి అపాయమందున్నది బట్టమేక పక్షి. ఇది దాదాపు ఒక మీటరు ఎత్తుండును. మగపక్షి 15 కిలోగ్రాముల వరకు తూగును. గూడు కట్టదు, నేలమీదనే సాధారణముగా ఏడాదికొక గ్రుడ్డు పెట్టును. దానిని కుక్కయో నక్కయో తినినచో ఆ యేటి సంతానము పోయినట్లే. కావున తగ్గిన సంఖ్య త్వరగా పెరుగదు. నేడివి 150కి మించవని అంచనా. వీటిలో అధికభాగము జైసల్మేరు ప్రాంతముననే గలవు. పోఖరాన్‌లోని సైన్యపు ఫిరంగుల అభ్యాసభూమిలో సాగు, ఇండ్లు లేనందున అక్కడను ఇవి గ్రుడ్లు పెట్టుచున్నవి.

పూర్వము వీటిని వేట తగ్గించినది. ఇప్పటి ముఖ్య శత్రువు విద్యుత్తు తీగె. ఈ పక్షి కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే ఎదుటి తీగె దగ్గరకు వచ్చువరకు కనబడదు. కనబడినను, శరీరపు బరువుచే వెంటనే ప్రక్కకు తిరుగలేదు. ఎండనుండి, గాలినుండి విద్యుత్తు తీయుట దేశమునకు అవసరము. ఎడారిలో ఆ రెండును సమృద్ధి. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. సుప్రీంకోర్టు 2021లో ముఖ్య ప్రాంతములందు తీగెలను భూమిలో వేయవలెనని ఆదేశించినది. అన్నిచోట్ల అది సాధ్యము కాదని ప్రభుత్వము విన్నవింపగా, 2024లో ఆ ఆదేశమును సవరించి నిపుణుల సంఘమును నియమించినది.

జైసల్మేరు జిల్లాలోని శామ్ కేంద్రమున 2019 నుండి గ్రుడ్లను తెచ్చి యంత్రములలో పొదిగించి పిల్లలను పెంచుచున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా మొదటి పిల్ల పుట్టినది. అయితే ఈ పిల్లలను విడిచిపెట్టుటకు గడ్డినేల మిగిలియుండవలెను.

ఈ మాట మనకును వర్తించును. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో ఈ పక్షికొరకే 1988లో అభయారణ్యము ఏర్పడినది. చుట్టునున్న మెట్టభూములకు కాలువనీరు వచ్చి పైరులు మారగా, పక్షి దాదాపు కనుమరుగైనది. రైతునకు మేలుచేసిన నీరే పక్షికి నెలవు లేకుండ చేసినది.

పచ్చికబయలును మనము బంజరు అందుము. ఆ బంజరులోనే తీతువు మొదలగు పక్షులు గ్రుడ్లు పెట్టుచున్నవి. తమ ఊరి బయలులో ఏయే పక్షులు నేలపై పొదుగునో విద్యార్థులు దూరమునుండి గమనించి వ్రాసికొనినచో, అది ఉత్తభూమి కాదని వారికే తెలియును.