సునామీ ముంపు: నిమిషాల్లో లెక్క తేల్చేదెలా?

2004 డిసెంబరు 26 ఉదయం 6.29 గంటలకు సుమత్రా తీరానికి చేరువలో సముద్రగర్భం కంపించింది. తీవ్రత 9.1. భూమి పొరల్లో చీలిక ఉత్తరాన అండమాన్ వరకు దాదాపు 1,300 కిలోమీటర్లు పాకింది. చెన్నైకి అలలు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. నికోబార్ దీవులకు మాత్రం నిమిషాల వ్యవధే మిగిలింది. హిందూ మహాసముద్రానికి అప్పట్లో సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు.

ఆ లోటు తీర్చేందుకు 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది.

ముందే కట్టిన లెక్కలు

సునామీ వేగాన్ని నిర్ణయించేది సముద్రం లోతు. 4,000 మీటర్ల లోతున అది గంటకు సుమారు 700 కిలోమీటర్లు. తీరం దగ్గర వేగం తగ్గి, అల ఎత్తు పెరుగుతుంది. ఈ భౌతిక సూత్రాలతో అల ప్రయాణాన్ని కంప్యూటర్ లెక్కించగలదు. కానీ నీరు ఏ ఊళ్లోకి ఎంతదూరం వస్తుందో వివరంగా లెక్కించడానికి సమయం కావాలి. నికోబార్‌లో కరవైనది అదే. అందుకే ఇన్‌కాయిస్ రకరకాల భూకంపాలను ఊహించి, వాటి ఫలితాలను ముందే లెక్కగట్టి భద్రపరిచింది. భూకంపం రాగానే దానికి దగ్గరగా ఉన్న లెక్కను వెలికితీస్తారు. సునామీ నిజంగా పుట్టిందా అన్నది సముద్రగర్భంలోని పీడన మాపకాలు, తీరంలోని నీటిమట్టం పరికరాలు తేలుస్తాయి.

యంత్రానికి పాఠాలు

మెషీన్ లెర్నింగ్ ఉదాహరణల నుంచి నేర్చుకుంటుంది. 2004 నాటి సునామీ లాంటివి మాత్రం చాలా అరుదు. ఆ కొరతను భౌతిక నమూనాలే తీరుస్తాయి. జపాన్‌లో ఫుజిత్సు, తొహోకు విశ్వవిద్యాలయం, టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫుగాకు సూపర్‌కంప్యూటర్‌పై 20,000 ఊహా సునామీలను సృష్టించి, వాటితో ఒక ఏఐ నమూనాకు శిక్షణనిచ్చారు. 2021లో వెల్లడించిన ఈ నమూనా సముద్రంలో నమోదైన అలల సమాచారాన్ని తీసుకుని, తీరప్రాంత ముంపును సాధారణ కంప్యూటర్‌పైనే సెకన్లలో అంచనా వేస్తుంది.

పటం మారితే?

అయితే ఈ వేగం వెనుక ఒక ప్రమాదం ఉంది. 2004 భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగింది. నేల మీది లైట్‌హౌస్ చుట్టూ సముద్రం చేరింది. అంతకుముందు నాటి నేల ఎత్తులతో నేర్చుకున్న యంత్రం సెకన్లలోనే తప్పు జవాబు చెబుతుంది. దానికి పాఠం చెప్పిన భౌతిక నమూనా కూడా ఆ తప్పును పట్టలేదు. కాబట్టి దీవుల నేల ఎత్తును, తీర సముద్రపు లోతును తాజాగా కొలవడం కూడా ముంపు అంచనాలో భాగమే.

తీరంలో ఉన్నవారికి మాత్రం మొదటి హెచ్చరిక కాళ్లకింది నేలే. అది బలంగా, ఎక్కువసేపు కంపిస్తే సందేశం కోసం ఆగకుండా ఎత్తైన చోటుకు వెళ్లాలి.