బంతి రాకపోయినా ఎగిరేవారు

వాలీబాల్ ఒక క్రైస్తవ సంస్థలో పుట్టిందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణంలో వైఎంసీఏ వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గాన్ ఈ ఆటను రూపొందించాడు. బాస్కెట్‌బాల్ అంత మోటుగా లేకుండా, వయసు మళ్లినవారు కూడా ఆడుకోగలిగేలా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఈ రోజుల్లో మిడిల్ బ్లాకర్ పడే ప్రయాస చూస్తే మాత్రం ఇది తేలికైన ఆట అని ఎవరూ అనరు.

మిడిల్ బ్లాకర్ వలకు దగ్గరగా, మధ్యలో నిలబడుతుంది. అవతలివారు బంతిని ఎటు కొడతారో కనిపెట్టి కుడికో ఎడమకో పరుగెత్తి, వలమీదికి చేతులెత్తి అడ్డుకోవాలి. తన జట్టు దాడి చేసేటప్పుడు సెట్టర్ బంతి అందించకముందే గాలిలోకి లేవాలి. చాలాసార్లు ఆ బంతి ఆమెకు రాదు, పక్కవారికి వెళుతుంది. అయితే ఆమె ఎగిరింది గనుక ఎదుటి బ్లాకర్ కూడా ఆమెతోపాటు ఎగురుతుంది. పక్కవారికి దారి దొరుకుతుంది. పాయింటు కొట్టినవారి పేరు స్కోరు పుస్తకంలోకి ఎక్కుతుంది. వట్టి చేతులతో కిందికి దిగినామె పేరు ఎక్కడా ఉండదు.

ఇదంతా నాకు వివరించింది మా సంఘంలోని ఒక అమ్మాయి. డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టులో ఇదే స్థానంలో ఆడుతోంది. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక దిగులుగా నా దగ్గరకు వచ్చింది. ముందురోజే ఫైనల్లో ఓడిపోయారట. "ఉపవాసముండి ప్రార్థించాను అయ్యగారూ" అంది. ధైర్యం చెబుదామని ఫొలూకే అకిన్‌రడేవో సంగతి ఎత్తాను.

కెనడాలో పుట్టి అమెరికాలోని ఫ్లోరిడాలో పెరిగిన ఫొలూకే, 2005 నుంచి 2008 వరకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ జట్టుకు మిడిల్ బ్లాకర్‌గా ఆడింది. ఆమె జట్టు వరుసగా మూడేళ్లు జాతీయ కళాశాలల ఫైనల్ చేరింది. మూడుసార్లూ ఓడింది. 2006లో నెబ్రాస్కా చేతిలో, 2007, 2008లలో పెన్ స్టేట్ చేతిలో. వాటిలో 2007 ఓటమి మరీ బాధాకరమైనది. మొదటి రెండు సెట్లు పోగొట్టుకుని, తర్వాతి రెండు గెలిచి, అయిదో సెట్‌లో చేజార్చుకున్నారు. కాలేజీ టైటిల్ లేకుండానే ఆమె చదువు ముగిసింది. 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా తొలి సెట్‌ను 25-11తో గెలిచి కూడా బ్రెజిల్‌కు స్వర్ణం అప్పగించింది. 2014లో ప్రపంచ చాంపియన్‌షిప్ దక్కింది. 2016 రియో సెమీఫైనల్లో ఫొలూకే గాయపడి బయటికి రావలసివచ్చింది. జట్టు అయిదు సెట్లలో ఓడి, చివరికి కాంస్యంతో సరిపెట్టుకుంది. 2019లో ఆమె తల్లి అయింది. కరోనా వల్ల ఒక సంవత్సరం ఆలస్యంగా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, 33 ఏళ్ల వయసులో, అదే బ్రెజిల్‌పై గెలిచిన జట్టులో ఆమె ఉంది. ఒలింపిక్ వాలీబాల్‌లో అమెరికా మహిళలకు అదే తొలి స్వర్ణం.

"చూశావా అమ్మా, దేవుడు తగిన కాలంలో ఇస్తాడు" అన్నాను. సాక్ష్యం చెప్పినంత తృప్తిగానే అన్నాను.

ఆ అమ్మాయి కాసేపు తల వంచుకుని, "మరి ఓడిన మూడేళ్లూ దేవుడు ఏం చేస్తున్నట్టు అయ్యగారూ? అవతలివాళ్లూ ప్రార్థన చేసే ఉంటారు కదా" అంది.

నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లుగా వేదాంతం చదువుతున్నవాణ్ని, స్వర్ణ పతకాన్ని ప్రార్థనకు ముట్టిన కూలిగా లెక్కగట్టేశాను. మన సాక్ష్యాల కూడికలలో కూడా ఇదే జరుగుతుంది. సీటు వచ్చినవారు లేచి నిలబడతారు, రానివారు వెనుక బల్లమీద కూర్చుంటారు. వారికి మైకు ఎవరూ ఇవ్వరు.

ఆ రాత్రి నిర్గమకాండము పదిహేడో అధ్యాయం తీశాను. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం. కత్తి పట్టి గెలిచింది యెహోషువ. కొండమీద మోషే చేతులు బరువెక్కితే అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క నిలిచి సూర్యుడు అస్తమించేవరకు పట్టుకున్నారు. ఆ రోజు హూరు ఒక్క శత్రువును కూడా కొట్టలేదు. కింద ఏం జరుగుతోందో చూసి సంతోషించే తీరిక కూడా ఆయనకు లేదు. ఆ తరువాత ఆయన మాట గ్రంథంలో చాలా అరుదు. అయినా ఆ యుద్ధం సంగతిని గ్రంథంలో రాయమని దేవుడే మోషేతో అన్నాడు (17:14). మనం చదువుతున్న ఆ వృత్తాంతంలో చేతులు పట్టుకున్నవారి పేర్లు కూడా ఉన్నాయి. ఆ స్కోరు పుస్తకం వేరు.

మరుసటి వారం ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. ముందు వారం చెప్పింది తప్పని కూడా ఒప్పుకున్నాను. ఆమె నవ్వి, "బంతి రాదని తెలిసి ఊరికే ఎగిరితే ఎదుటివాళ్లు మోసపోరు అయ్యగారూ. నాకే వస్తుందని నిజంగా ఎగరాలి. రాకపోతే మళ్లీ ఎగరాలి" అంది. విశ్వాసం గురించి సెమినరీలో నేను చాలా నోట్సు రాసుకున్నాను. ఇంత సూటిగా రాసుకున్న గుర్తు లేదు.

ఇప్పుడు ఆట ఉన్న వారం ఆమె గుడికి వస్తే, గెలిచారా అని అడగడం లేదు. ఎన్నిసార్లు ఎగిరావమ్మా అంటున్నాను. "లెక్కపెట్టలేదు అయ్యగారూ" అని చెప్పి, మోకాలికి కట్టు సరిచేసుకుంటూ వెళ్లి గాయక బృందంలో కూర్చుంటుంది.