కృష్ణలో నీరెంత?

తొట్టిలో నీరెంత అని అడిగితే కొలిచి చెప్పవచ్చు. చెరువులో నీరెంత అన్నా వైశాల్యమూ లోతూ చూచి, కొంచెం శ్రమపడి చెప్పవచ్చు. నదిలో నీరెంత అని అడిగితే? ఈ యేడు వచ్చినంత మరుసటి యేడు రాదు గదా! అయినా పెద్ద ఆనకట్ట కట్టదలచినప్పుడు ఈ ప్రశ్నకు ఒకే ఒక్క అంకె జవాబుగా చెప్పి తీరవలె. కాలువ ఎంత వెడల్పు ఉండవలె, దాని కింద ఎన్ని ఎకరాలు సాగు కావలె, ఎంత ఖర్చవుతుంది, ఎంత ఫలితం వస్తుంది అనేవన్నీ ఆ అంకె మీదనే నిలిచి ఉన్నవి. రాష్ట్రాల తగాదాలు కూడ చాలవరకు దాని మీదనే. ఆ అంకెను ఎట్లా తీస్తారో కృష్ణానదిని ఉదాహరణగా తీసికొని చూతము.

ముందు కొలత సంగతి. విజయవాడ వద్ద కృష్ణకు అడ్డంగా 1855లో పాత ఆనకట్ట పూర్తి అయినది. ఇటువంటి ఆనకట్ట నీటిని మళ్ళించటమే గాక కొలబద్దగా కూడ పనికివస్తుంది. గోడ మీదుగా పొర్లే నీటి ఎత్తు తెలిస్తే ప్రవాహం ఎంతో లెక్క కట్టవచ్చు. ఎత్తు రెండింతలైతే ప్రవాహం కూడ రెండింతలే అవుతుందనుకొంటే పొరపాటు. ఎత్తు పెరిగినకొద్దీ నీరు పారే జాగా పెరుగుతుంది; దానితోపాటు వేగం కూడ ఎత్తుకు వర్గమూలంగా పెరుగుతుంది. అందుచేత ఎత్తు రెండింతలైతే ప్రవాహం ఇంచుమించు 2.8 రెట్లు, నాలుగింతలైతే 8 రెట్లు అవుతుంది.

నదుల లెక్కకు మనవారు వాడే కొలమానం టి.ఎం.సి. అంటే వందకోట్ల ఘనపుటడుగులు. ఇది సుమారు 23 వేల ఎకరాల మీద అడుగు లోతున నిలిచే నీరు. పంటకాలమంతటికీ 5 అడుగుల నీరు కావలసిన వరిచేను అనుకొంటే, ఒక టి.ఎం.సి.తో సుమారు 4,600 ఎకరాలు పండుతవి. 2009 అక్టోబరు వరదలో ప్రకాశం బ్యారేజి మీదుగా సెకనుకు 11 లక్షల ఘనపుటడుగుల నీరు పోయినది. అంటే పావుగంటకొక టి.ఎం.సి. చొప్పున సముద్రం పాలైనదన్నమాట. ఆ నీటిని చూచినవారికి కృష్ణలో నీటికి కరవేమిటి అనిపించటం సహజమే. కాని ఆ దశాబ్దంలోనే 2002, 2003 సంవత్సరాలలో జలాశయాలు నిండక రైతులు అల్లాడిపోయినారు.

ఇక అసలు లెక్క. బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుండి 1971–72 వరకు 78 సంవత్సరాల అంకెలను తీసికొన్నది. విజయవాడకు చేరిన నీటికి, పైన వాడుకొన్న నీటిని కూడ కలిపితేనే నది మొత్తం దిగుబడి తెలుస్తుంది. ఈ వార్షిక అంకెలను పెద్దదానినుండి చిన్నదానివరకు వరుసగా పేర్చవలె. వరుసలో ముప్పాతిక దూరం నడిచినప్పుడు, అంటే దాదాపు 59వ స్థానంలో కనిపించే అంకెను 75 శాతం విశ్వసనీయత గల నీరు అంటారు. నూరు సంవత్సరాలలో 75 సంవత్సరాలు కనీసం అంత నీరు రాగలదని దాని అర్థం. కృష్ణకు ఆ అంకె 2,060 టి.ఎం.సి.లు. ఆ 1973 తీర్పు ప్రకారం మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 వచ్చినవి. పొలాలనుండి తిరిగి నదిలోనికి ఊరే నీటిని కొంత వీటికి అదనంగా చేర్చినారు.

ఇంత చుట్టు తిరగటం ఎందుకు, సగటు తీసికొంటే చాలదా అని విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్నే. చిన్న లెక్క వేసి చూతము. ఒక వాగులో నాలుగు సంవత్సరాలు వరుసగా 100, 80, 60, 40 పాళ్ల నీరు వచ్చినదనుకొనండి. 60 పాళ్లకు కాలువ తవ్వితే నాలుగేండ్లలో 60, 60, 60, 40 మొత్తం 220 పాళ్లు పారుతవి. పూర్తిగా పారితే 240. కాలువ దాదాపు నిండుగా పనిచేసినట్లే. అదే కాలువను 80 పాళ్లకు వెడల్పు చేస్తే 80, 80, 60, 40 మొత్తం 260 పాళ్లు. అదనంగా తవ్విన 20 పాళ్ల జాగాలో నాలుగేండ్లకు 80 పాళ్లు పారవలసి ఉండగా 40 మాత్రమే పారినది. మట్టి తవ్వకానికి, తూములకు, సిమెంటుకు మాత్రం పూర్తి ఖర్చయినది. నాలుగేండ్లలో రెండేండ్లు పనిలేని ఆస్తి అది.

అయినా పెద్ద కాలువ వైపే మొగ్గు ఎందుకు ఉంటుంది? మన దేశంలో నీటి ప్రాజెక్టును ఒప్పుకొనటానికి లాభ వ్యయ నిష్పత్తి చూస్తారు. మామూలుగా పెట్టిన రూపాయికి రూపాయిన్నర ప్రయోజనమైనా కనబడవలె. కాగితం మీద 80 పాళ్లూ ఏటేటా నిండుగా పారుతవని వ్రాస్తే నిష్పత్తి నిగనిగలాడుతుంది. పైగా ఆయకట్టు పెరిగిన ప్రతి గ్రామమూ ఆ ప్రాజెక్టు మాదే అంటుంది. శంకుస్థాపననాడు ఎక్కువ ఎకరాలు చదివిన నాయకునికే చప్పట్లు ఎక్కువ.

ఇబ్బంది చెడ్డ సంవత్సరంలో బయటపడుతుంది. 80 పాళ్ల కాలువలోకి 40 పాళ్లే వచ్చినవి. అందరికీ సగం సగం అందుతుందనుకోకండి. కాలువ మొదట ఉన్న రైతు తూము తెరచి తన వరికి కావలసినదంతా తీసికొంటాడు. చివరి రైతుకు తడి మట్టి కూడ దక్కదు. నష్టం కొన్ని ఏండ్లకే అయినా అది ఎప్పుడూ అవే పొలాల మీద పడుతుంది. మా ఊరు అటువంటి ఒక కాలువ చివరిదే. రికార్డులో మాగాణి, కంటికి మెట్ట.

రాష్ట్రాల మధ్య ఈ లెక్క ఇంకొక రూపం ధరిస్తుంది. 75 శాతానికి మించి వచ్చిన మిగులు నీటిని వాడుకొనే స్వేచ్ఛను బచావత్ తీర్పు దిగువనున్న ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినది. హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ మిగులును నమ్మి తెలుగు గంగ, హంద్రీ–నీవా, కల్వకుర్తి వంటి ప్రాజెక్టులు తలపెట్టినారు. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 47 సంవత్సరాల కొత్త వరుస తీసికొని, 65 శాతం విశ్వసనీయతతో 2,293 టి.ఎం.సి.లని, సగటు 2,578 అని లెక్కతేల్చి, అదనపు నీటిని కూడ పంచినది. ఎగువవారికి నది పెద్దదిగా కనబడితే మేలు, దిగువవారికి చిన్నదిగా కనబడితే మేలు. నది ఒకటే, వాన ఒకటే. వరుసలో ఎక్కడ ఆగవలెననేదే తగాదా. 2011లో సుప్రీంకోర్టు ఆదేశం వల్ల ఆ తీర్పు గెజెట్టులో ప్రచురణ కాకుండ ఆగినది.

2014లో రాష్ట్రం రెండైన తరువాత పాత వాటాను మరల పంచుకొనవలసి వచ్చినది. 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టి.ఎం.సి.లని ఒప్పుకొన్నారు. పరీవాహక ప్రాంతం మాది ఎక్కువ అని తెలంగాణ వాదన. ముందునుంచీ వాడుకొంటున్నది మేము అని ఆంధ్ర వాదన. రెండూ లెక్క తెలిసినవారు చేసే వాదనలే. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ 26 గేట్లలో 13 గేట్ల వైపు ఆంధ్ర పోలీసులు చేరుకొనటం, తరువాత కేంద్ర బలగాలు కాపలాకు రావటం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 1955 డిసెంబరు 10న ఆ డ్యాముకు శంకుస్థాపన జరిగినప్పుడు కూడ ఒక గట్టు ఆంధ్ర రాష్ట్రంలో, మరొక గట్టు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నవి. రెండు రాష్ట్రాలు మొదలుపెట్టినదానిని ఒక రాష్ట్రం పూర్తిచేయగా, ఇప్పుడు మరల రెండు రాష్ట్రాలు పంచుకొంటున్నవి.

జలాశయం పెద్దదైతే మంచి యేటి నీటిని చెడ్డ యేటికి దాచవచ్చు గదా అంటారు. నిజమే, విశ్వసనీయతను పెంచే ఉపాయం అదొక్కటే. కాని జలాశయం కూడ ముసలిదవుతుంది. సాగర్‌లో మొదట 408 టి.ఎం.సి.లు పట్టేది, 590 అడుగుల పూర్తి మట్టం వద్ద ఇప్పుడు 312 మాత్రమే లెక్కకు వస్తున్నది. మిగిలిన జాగాను ఒండ్రు ఆక్రమించినది.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతిలో చేయించవచ్చు. మీ మండలంలో 20 సంవత్సరాల వర్షపాతం అంకెలు సంపాదించి, చీటీల మీద వ్రాసి, పెద్దదానినుండి చిన్నదానికి పేర్చండి. 15వ చీటీ 75 శాతం, 10వ చీటీ 50 శాతం. ముందు బెంచీలవారిని కాలువ మొదటి రైతులుగాను, వెనుక బెంచీలవారిని చివరి రైతులుగాను ఏర్పరచి, ఏ చీటీని బట్టి కాలువ తవ్వవలెనో వారినే తేల్చుకొనమనండి. తేల్చుకొన్న తరువాత చీటీలు కలిపివేసి, కళ్ళు మూసికొని ఒకటి తీయించండి. తీసేవాడు వెనుక బెంచీవాడైతే మంచిది.