పాటకు పాఠం ఏది?
జననాట్యమండలి క్యాసెట్ల గురించి కొన్ని ఆలోచనలు

తొమ్మిదో తరగతి పిల్లలను 'నాకు తెలిసిన పాట' అన్న విషయం మీద రాయమన్నాను. ఒక అమ్మాయి జననాట్యమండలి పాట ఒకటి రాసుకొచ్చింది. మూడో చరణంలో 'దొర' అని ఉండవలసిన చోట 'షావుకారు' అని ఉంది. నా దగ్గరున్న పాటల పుస్తకంలో దొర అనే ఉంది. ఎర్రసిరాతో షావుకారును కొట్టేసి పైన దొర అని దిద్దాను. ఆ పిల్ల ఊరుకోలేదు. "మా తాత క్యాసెట్లో అట్లే ఉండాది సార్" అన్నది.

తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి. పాఠభేదం కనిపిస్తే ప్రతులన్నీ చూశాకే తప్పొప్పులు తేల్చాలని చదువుకున్నవాణ్ణి. తాళపత్రాల విషయంలో ఆ నియమాన్ని ఎంతో గౌరవిస్తాను. ముసలాయన ఇంట్లోని క్యాసెట్టు విషయంలో మాత్రం వినకుండానే తీర్పు చెప్పాను. అచ్చులో ఉన్నదే పాఠమనీ, టేపులో ఉన్నది కాలక్షేపమనీ నాలో ఎక్కడో ఒక నమ్మకం ఉన్నదన్నమాట. అది నా ఒక్కడి నమ్మకమే అయితే వ్యాసం రాయనక్కరలేదు. మన సాహిత్య విమర్శకు కూడా ఆ నమ్మకం ఉంది. ప్రజల పాటను గురించి మాట్లాడేటప్పుడు పుస్తకాన్ని ఉదహరిస్తాం. టేపును ఉదహరించం.

జననాట్యమండలి 1972లో రూపు దిద్దుకున్నది. హైదరాబాదులో బి. నరసింగరావు, గద్దర్, ఉత్తరాంధ్రలో వంగపండు ప్రసాదరావు ఆ నిర్మాణంలో ముఖ్యులు. జానపదుల బాణీలనూ, వీధి భాగోతం పద్ధతులనూ తీసుకుని కొత్త వస్తువును వాటిలో నింపారు. చిన్న చిన్న పాటల పుస్తకాలు వేశారు, సభల్లో అమ్మారు. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. 1980లో విడుదలైన 'మా భూమి' చిత్రంలో గద్దర్ తెరమీద కనిపించి, బండి యాదగిరి రాసిన పాట పాడాడు. సినిమా దాకా పోని జనానికి ఆ గొంతును చేర్చింది మాత్రం క్యాసెట్టే. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. ఇక మిగిలినవి పుస్తకాలూ, టేపులూ, విన్నవాళ్ల జ్ఞాపకాలూ. మూడింటిలో అన్నిటికన్నా త్వరగా నశించేది టేపు.

ఈ దళాన్ని స్వతంత్ర గాయక దళం అంటున్నాను. ఆ మాటకు ఇక్కడ ఒక భౌతికార్థం ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను పళ్లెం కాలంలో పాట మూడు నిమిషాలకు కుదించుకోవలసి వచ్చింది. రంగస్థలం మీద రాగం తీసి తీసి పాడే పద్యం కూడా ఆ మూడు నిమిషాల్లోనే ఒదగాలి. పళ్లెం తయారీకి స్టూడియో కావాలి, లోహపు అచ్చు కావాలి, కర్మాగారం కావాలి. అవి ఎవరివో పాటను ఎంపిక చేసేదీ వాళ్లే. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్టు ఈ సంబంధాన్ని మార్చింది. అరవై నిమిషాల క్యాసెట్టుకు వైపుకు అరగంట. వినే యంత్రంతోనే రికార్డు చేయవచ్చు. రెండు యంత్రాలుంటే ఒక ప్రతి నుంచి మరో ప్రతి తీయవచ్చు. వినేవాడు ప్రచురణకర్త అయ్యాడు.

ఈ స్వాతంత్ర్యానికి ఉన్న హద్దులు తెలియాలంటే దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో జరిగినదాన్ని పక్కన పెట్టి చూడాలి. అక్కడ రాక్ సంగీతం పెద్ద కంపెనీల చేతిలో ఉండేది. మాంచెస్టరుకు చెందిన బజ్‌కాక్స్ అనే కుర్రాళ్ల దళం తెలిసినవాళ్ల దగ్గర సుమారు 500 పౌన్లు అప్పు చేసి, 1977 జనవరిలో నాలుగు పాటల పళ్లెం ఒకటి తామే విడుదల చేసింది. మొదట వేసినవి వెయ్యి ప్రతులు. ఆ పళ్లెం అట్ట మీద వాళ్లు ఒక విచిత్రమైన పని చేశారు. ప్రతి పాట పక్కన అది ఎన్నోసారి పాడినప్పటి రికార్డింగో, పైన మరో వాద్యం కలిపారో లేదో అచ్చు వేశారు. పనిని ఎట్లా చేశామో చూడండి, మీరూ చేయగలరు అని చెప్పడమది. మన పండితుల భాషలో చెప్పాలంటే, ప్రతి వివరం ఇచ్చారు.

ఎసెక్స్ ప్రాంతం నుంచి వచ్చిన క్రాస్ అనే మరో దళానిది వేరే అనుభవం. వాళ్ల మొదటి పళ్లెంలోని ఒక పాట మతాన్ని నిందిస్తున్నదని ఐర్లండులోని కర్మాగారంలో కార్మికులు దాన్ని అచ్చొత్తడానికి ఒప్పుకోలేదు. పాట తీసేసి ఆ చోట రెండు నిమిషాల నిశ్శబ్దాన్ని ఉంచారు. ఆ నిశ్శబ్దానికి వాక్స్వాతంత్ర్యపు శబ్దం అని పేరు పెట్టారు. తర్వాత సొంత సంస్థ పెట్టుకుని, ఇంతకన్నా ఎక్కువ ఇవ్వవద్దని అట్ట మీదే ధర వేసి అమ్మారు.

తేడా గమనించండి. వాళ్లు సంస్థను సొంతం చేసుకున్నా పళ్లెం కర్మాగారం గుండానే రావాలి. అక్కడ ఎవరో ఒకరు నిశ్శబ్దాన్ని చొప్పించవచ్చు. మన క్యాసెట్టు ఇంట్లోనే ప్రతులు పెట్టింది. దాని నోరు నొక్కడానికి ఒక కర్మాగారమంటూ లేదు. కాని వాళ్ల పళ్లేల జాబితా ఇవాళ ఎవరైనా తయారు చేయవచ్చు. తేదీలు, పేర్లు, వరుస అన్నీ అట్ట మీదే ఉన్నాయి. మన ఇళ్లలో ఉన్న ప్రతుల మీద 'విప్లవ పాటలు' అని బాల్‌పెన్నుతో రాసిన రెండు మాటలు తప్ప మరేమీ లేవు.

అమ్మాయి మాట నిజమో కాదో తేల్చుకుందామని వెతకడం మొదలుపెట్టాను. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు దారి మీది ఊళ్లు. ఆ దారి మీద ఆరు నెలల్లో అదే పాటకు మూడు రికార్డింగులు దొరికాయి.

హిందూపురంలో దొరికినది దళం స్వయంగా తెచ్చిన క్యాసెట్టుకు ప్రతి. గొంతులు తేటగా ఉన్నాయి. డోలక్, డప్పు, కోరస్ విడివిడిగా వినిపిస్తాయి. చరణాలు అచ్చు పుస్తకంలో ఉన్నట్టే, దొర దొరగానే ఉన్నాడు. అయితే రెండో వైపు సగంలో పాట తెగి పెండ్లి మేళం మొదలవుతుంది. క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న రేకులను విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు. ఆ ఇంట్లో ఎవరూ విరవలేదు.

పెనుకొండలో దొరికినది బహిరంగసభలో ఎవరో తీసిన రికార్డింగు. ఏ ఊరి సభో ఉన్నవాళ్లకు తెలియదు. మైకు కీచుమంటుంది, పసిపిల్ల ఏడుస్తుంది. పాట మాత్రం రెండింతలు పొడుగు. చరణానికీ చరణానికీ మధ్య మాట ఉంది. ప్రధాన గాయకుడు ఒక పదం పట్టుకుని జనాన్ని ప్రశ్నిస్తాడు, జనం జవాబిస్తారు, ఆ జవాబు మీదే తర్వాతి చరణం ఎత్తుకుంటాడు. పుస్తకంలో చదివితే పునరుక్తి దోషమనిపించిన వాక్యం ఇక్కడ జనానికి అందించిన వంత అని తెలిసింది. శిల్పలోపమని గతంలో నేనే ఒక సదస్సులో అన్న విషయమిది. నేను పాటను చూశానేగాని వినలేదు.

ధర్మవరంలోని తాతగారి టేపు మూడోది. అందులో దళం గొంతు లేనే లేదు. నలుగురైదుగురు మగ్గం పనివాళ్లు తప్పెట పెట్టుకుని ఒక ఇంట్లో పాడిన పాట అది. బాణీలో చెక్కభజన ఊపు కలిసింది. 'గొంగడి' అన్న మాట 'కంబళి' అయింది. దొర షావుకారు అయ్యాడు. పట్టుచీర నేసేవాడికి దొర ఎవరు? నూలిచ్చి, చీర తీసుకుని, కూలి లెక్క కట్టేది షావుకారు. మాట మార్చినవాళ్లు పాటను తప్పుగా వినలేదు. సరిగ్గా విన్నారు కాబట్టే మార్చారు.

మరి ఈ మూడో టేపు జననాట్యమండలి ధ్వనిముద్రణల్లో చేరుతుందా? ఇంగ్లండు దళాల లెక్క ప్రకారం చేరదు. వాళ్ల జాబితా విడుదల చేసిన పళ్లేలతో ముగుస్తుంది. మన లెక్క అక్కడ ముగిస్తే, పాట చేసిన పనిలో సగం లెక్కలోకి రాదు. అలాగని మూడింటినీ ఒకే కుప్ప చేయడమూ తప్పే.

ఈ చిక్కు మనకు కొత్తదేమీ కాదు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మా కదిరి దగ్గరే. వేమన పద్యాలు జనం నోట, రాతప్రతుల్లో పెరుగుతూ వచ్చాయి. ఎందరో తమ పద్యాలకు ఆయన మకుటం తగిలించారు. సి.పి. బ్రౌన్ ఆ ప్రతులను సేకరించి, పోల్చి, 1829లో ఒక సంపుటం అచ్చు వేశాడు. ఏది వేమనది, ఏది కాదు అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. చేర్చినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టకపోవడం వల్ల అది తెగదు కూడా. క్యాసెట్టు మన కాలపు తాళపత్రం. దానికీ అదే గతి పట్టబోతున్నది. తేడా ఏమంటే, పాడినవాళ్లూ తప్పెట కొట్టినవాళ్లూ ఇంకా కొందరు బతికే ఉన్నారు, అడిగితే చెబుతారు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రజల పాటకు పేరెందుకు, పేరు లేకపోవడమే దాని గొప్పతనం కదా అని మిత్రులు అంటారు. నిర్బంధం ఉన్న రోజుల్లో పేరు రాయకపోవడం రక్షణ కూడా. కోరస్‌లో పాడిన అమ్మాయి పేరు అట్ట మీద వేస్తే పోలీసులకు చిరునామా ఇచ్చినట్టే. ఈ మాట నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోను. ఇవాళ కూడా బతికున్నవాళ్ల అనుమతి లేకుండా పేరు రాయకూడదు. కాని నాడు రక్షణగా ఉన్న అనామకత్వం నేడు మరుపుగా మారుతున్నది. ప్రధాన గాయకుడి పేరు ఎట్లాగూ నిలుస్తుంది. మాసిపోయేది వంత పాడినవాడి పేరు, తప్పెట కొట్టినవాడి పేరు. సమష్టి కళ అని మనం మెచ్చుకునేదాంట్లో సమష్టే కనిపించకుండా పోతుంది.

తేదీ లేకపోవడం వల్ల వచ్చే నష్టం ఇంకొకటి. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఆయన శరీరంలోనే ఉండిపోయింది. పెనుకొండ టేపులోని గొంతు ఆ రోజుకు ముందుదా, తర్వాతదా? ఆ ఊపిరిని, ఆ విరామాలను ఎట్లా అర్థం చేసుకోవాలో ఈ ఒక్క వివరం మీద ఆధారపడి ఉంది.

విమర్శకులుగా, విద్యార్థులుగా మనం చేయవలసిన పని పెద్దదేమీ కాదు. టేపు దొరికితే ముందు ఆ రేకులు విరవండి. ఒకసారి మొదటినుంచి చివరిదాకా తిప్పి, అతుక్కుపోయిన చుట్లు విడిపోయాక ప్రతి తీయండి. ప్రతికి ప్రతి తీసినకొద్దీ బుసబుస పెరుగుతుంది గనక దొరికినవాటిలో మొదటి ప్రతినే ఆధారం చేసుకోండి. తర్వాత ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాయండి: ఎవరి దగ్గర దొరికింది, వారికి ఎట్లా వచ్చింది, ఎవరి గొంతులు, ఎక్కడ ఎప్పుడు పాడినది. దళం తెచ్చినది, సభలో తీసినది, జనం పాడుకున్నది అని మూడుగా విడదీయండి. ఆ తర్వాతే వస్తువు గురించి, శిల్పం గురించి మాట్లాడుదాం.

ఆ అమ్మాయి నోటుపుస్తకం మళ్లీ అడిగి తీసుకున్నాను. దొరను కొట్టేసి షావుకారును నిలబెట్టాను. పక్కన, పాడిందెవరో తాతను అడిగి రాయమన్నాను. మరునాడు రాసుకొచ్చింది. తప్పెట కొట్టినాయన పేరు తాతకు గుర్తుంది. పాడినవాళ్లలో ఇద్దరి పేర్లు గుర్తున్నాయి. మిగతావాళ్లు ఎవరో గుర్తు రాలేదట.