అంత అందమైన కప్పుల్ని ఎందుకు పగలగొట్టారు?

దక్షిణ పెరూలోని సెర్రో బావుల్ కొండ మీద వారీ ప్రజలు మొక్కజొన్నతో, మోయే అనే చెట్టు పండ్లతో చిచా అనే మద్యం కాచేవారు. కుమ్మరి సారె లేకుండా, చేత్తోనే మలచి రంగులద్దిన ‘కెరో’ కప్పుల్లో తాగేవారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో కొండను విడిచి వెళ్తూ చిచాశాలకు నిప్పుపెట్టి, ఆ కప్పుల్ని మంటల్లోకి విసిరేశారు.

శత్రువుల పని కావచ్చు కదా? అడగాల్సిన ప్రశ్నే. కానీ దోచుకోవడానికి వచ్చినవాళ్లు బూడిద మీద హారాలు పరిచి వెళ్తారా? ఇక్కడ హారాలు అలాగే దొరికాయి. ఇలాంటి ఆనవాలే మరోచోటా ఉంది: టిటికాకా సరస్సులోని పరితి దీవిలో 2004లో బయటపడిన, తివనాకు అనే మరో ప్రాచీన నాగరికత పాత్రలూ పగిలినవే. వాటిని పూడ్చిన గోతుల్లో ముక్కలన్నీ ఒకచోటే ఉండటంతో చాలా పాత్రల్ని తిరిగి అతికించగలిగారు. మామూలు చెత్త అయితే ముక్కలు చెల్లాచెదురయ్యేవి. రెండుచోట్లా వాటిని భక్తితో, కావాలనే పగలగొట్టారు.