జనవరి 3 ఎక్కడికి పోయింది?

పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, పెద్దల తద్దినాలు, బీమా ప్రీమియంలు... ఇంట్లో ఇవన్నీ గుర్తుపెట్టుకునేది ఎవరు? ఇంకెవరు, మనమే! ఒకప్పుడు వంటింటి గోడకి వేలాడే క్యాలెండరే మనకి దిక్కు. ఇప్పుడు చాలామంది కంప్యూటర్లో పట్టిక తయారుచేసుకుంటున్నారు. మంచిదే. కానీ దాన్ని సరిగ్గా అడగడం తెలియాలి.

మాకు తెలిసిన ఒకావిడకి ప్రతి నెలా 20న పట్టిక చూసుకోవడం అలవాటు. ఒక డిసెంబరులో చూస్తే చెల్లెలి పెళ్ళిరోజు ఒక్కటే కనిపించింది. జనవరి 3న కట్టాల్సిన భర్త జీవిత బీమా ఏడాది ప్రీమియం కనబడనే లేదు. జనవరి 20న మళ్ళీ చూసేసరికి ఆ తేదీ వెనకబడిపోయింది. ఆ పైన ఇచ్చే 30 రోజుల గడువూ దాటింది. పాలసీ ఆగిపోయింది! వడ్డీతో కట్టి మళ్ళీ నిలబెట్టుకున్నారు గానీ, "ఆ మధ్యలో ఆయనకేమన్నా అయ్యుంటే?" అని తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి గుండె దడే.

తప్పెక్కడ జరిగింది?

"ఈరోజు కన్నా పెద్ద నెల, పెద్ద తేదీ ఉన్నవి చూపించు" అని అడిగారావిడ. కంప్యూటర్ లెక్కలో డిసెంబరు 12, జనవరి 1. పన్నెండు కన్నా ఒకటి చిన్నదే కదా! అందుకే జనవరిని అయిపోయిన నెల కింద కట్టేసింది.

ఇలా చేసి చూడండి

పట్టికలో అసలు తేదీ పక్కన "ఈసారి ఎప్పుడు?" అని ఇంకో గడి పెట్టండి. అసలు తేదీలోని నెల, రోజు తీసుకుని ఈ ఏడాది వేయండి. అది దాటిపోయిందా? అయితే వచ్చే ఏడాది వేయండి. అందులోంచి ఈరోజు తేదీ తీసేస్తే ఇంకా ఎన్ని రోజులుందో తెలుస్తుంది. సున్నా నుంచి 30 లోపు ఉన్నవే రాబోయే నెల పనులు. ఇక డిసెంబరు, జనవరి గొడవే ఉండదు.

ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ళుంటే? లీపు సంవత్సరం కానప్పుడు ఎక్సెల్ దాన్ని మార్చి 1 చేసేస్తుంది. 28న చేసుకుంటారో, 1న చేసుకుంటారో మీరే ముందుగా రాసిపెట్టుకోండి.

తిథుల సంగతి వేరు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. ఉగాదే చూడండి: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఆ ఏడాది అధిక జ్యేష్ఠం రావడంతో 2027లో మళ్ళీ ఏప్రిల్ 7. కాబట్టి మామగారి తద్దినానికి పై లెక్క పనికిరాదు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే తిథులన్నీ చూసి, ఆ ఏటి తేదీలు ఒక్కసారే ఎక్కించుకోండి.

ఒక పూట పని. ఏడాదంతా నిశ్చింత. అన్నట్టు, ఆ పట్టికలో మీ పుట్టినరోజు కూడా రాసుకున్నారా?