అధిక వోల్టేజి ఆసిలోస్కోపు ప్రోబు

అధిక వోల్టేజి ఆసిలోస్కోపు ప్రోబు అనేది వందల లేదా వేల వోల్టుల విద్యుత్ సంకేతాన్ని ఆసిలోస్కోపు (డోలనదర్శిని) భరించగల స్థాయికి తగ్గించి, తరంగరూపం చెడకుండా తెరపై చూపడానికి ఉపయోగించే సాధనం. స్విచ్ మోడ్ పవర్ సప్లైలు, ఇన్వర్టర్లు, మోటారు డ్రైవులు, రేడియో ప్రసారిణులు మొదలైన వాటిని పరీక్షించేటప్పుడు ఇది అవసరమవుతుంది. దీని ఎంపికలో మూడు విషయాలను కలిపి పరిశీలించాలి: వోల్టేజి ఎంత, పౌనఃపున్యం ఎంత, కొలిచే బిందువులలో ఒకటి భూమికి (ఎర్త్‌కు) కలిసి ఉందా లేదా. ప్రోబుపై ముద్రించిన వోల్టేజి సంఖ్యను మాత్రమే చూసి ఎంచుకుంటే పరికరానికీ, దానిని వాడే వ్యక్తి ప్రాణానికీ ప్రమాదం కలగవచ్చు.

పనిచేసే విధానం

సాధారణ ఆసిలోస్కోపు ఇన్‌పుట్ నిరోధం 1 మెగాఓము. 10:1 ప్రోబులో 9 మెగాఓముల నిరోధకం ఉంటుంది. ఈ రెండూ శ్రేణిలో కలిసి వోల్టేజి విభాజకంగా పనిచేయడం వలన, కొలిచే వోల్టేజిలో పదో వంతు మాత్రమే పరికరానికి చేరుతుంది. 100:1 ప్రోబు నూరో వంతును, 1000:1 ప్రోబు వెయ్యో వంతును చేరవేస్తాయి.

ఆసిలోస్కోపు ఇన్‌పుట్‌కూ, ప్రోబు తీగకూ కొంత కెపాసిటెన్సు ఉంటుంది. నిరోధకం ఒక్కటే ఉంటే ఈ కెపాసిటెన్సు అధిక పౌనఃపున్యాలను క్షీణింపజేస్తుంది. అందువలన ప్రోబులోని నిరోధకానికి సమాంతరంగా ఒక చిన్న కెపాసిటరును అమర్చి, విభాజకపు రెండు భాగాల కాలస్థిరాంకాలు సమానమయ్యేలా సరిచేస్తారు. దీనిని కంపెన్సేషన్ అంటారు. ఆసిలోస్కోపు ముందుభాగంలో లభించే సుమారు 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగాన్ని చూస్తూ, ప్రోబుపై ఉన్న చిన్న మరను తిప్పి ఈ సవరణ చేస్తారు.

పౌనఃపున్యంతో తగ్గే వోల్టేజి పరిమితి

ప్రోబుపై ముద్రించిన గరిష్ఠ వోల్టేజి ఏకముఖ విద్యుత్తుకు, తక్కువ పౌనఃపున్యాలకు మాత్రమే వర్తిస్తుంది. పౌనఃపున్యం పెరిగే కొద్దీ ఈ పరిమితి తగ్గుతుంది. దీనికి కారణం ప్రోబు మొన వద్ద ఉండే కెపాసిటెన్సు. అది 10 పికోఫారడ్లు అనుకుంటే, దాని రియాక్టెన్సు ఈ విధంగా మారుతుంది:

* 50 హెర్ట్జ్ వద్ద సుమారు 318 మెగాఓములు
* 1 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 16 కిలోఓములు
* 10 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 1.6 కిలోఓములు

అంటే 10 మెగాహెర్ట్జ్ వద్ద 300 వోల్టుల సైను తరంగాన్ని కొలిస్తే ప్రోబులోకి దాదాపు 0.19 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. ఇది కొలిచే వలయంపై భారం మోపడమే కాక, ప్రోబులోని భాగాలను, విద్యుద్బంధకాన్ని వేడెక్కించి పాడుచేస్తుంది. తయారీదారులు ప్రోబుతో ఇచ్చే డీరేటింగ్ వక్రం ఏ పౌనఃపున్యం వద్ద ఎంత వోల్టేజి వరకు సురక్షితమో తెలుపుతుంది. సాధారణ 10:1 ప్రోబులలో చాలా వాటికి ఈ పరిమితి పదుల మెగాహెర్ట్జ్ దాటేసరికి కొన్ని పదుల వోల్టులకు పడిపోతుంది.

నిరంతర సైను తరంగాలున్న రేడియో ప్రసారిణుల వంటి వాటిలో ఈ ప్రభావం అత్యధికం. స్విచింగ్ వలయాల చదరపు తరంగాలలో హరాత్మకాల పరిమాణం క్రమంగా తగ్గుతుంది కనుక, వాటిలో ప్రభావం కొంత తక్కువగా ఉంటుంది.

భూసంబంధం వలన కలిగే ప్రమాదం

సాధారణ ఆసిలోస్కోపులో ప్రోబు గ్రౌండ్ క్లిప్పు, ఇన్‌పుట్ కనెక్టరు బయటి భాగం ద్వారా పరికరపు లోహపు చట్రానికీ, అక్కడి నుండి విద్యుత్ ప్లగ్గులోని పెద్ద పిన్ను ద్వారా భూమికీ కలిసి ఉంటుంది. కనుక ఈ క్లిప్పును విద్యుత్ సరఫరాతో నేరుగా సంబంధమున్న బిందువుకు తగిలిస్తే షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. 230 వోల్టుల సరఫరాను బ్రిడ్జి రెక్టిఫయరుతో ఏకముఖంగా మార్చినప్పుడు, దాని రుణ ధ్రువం కూడా భూమి పొటెన్షియల్ వద్ద ఉండదు.

దీనిని తప్పించడానికి కొందరు ఆసిలోస్కోపు ఎర్త్ పిన్నును తొలగిస్తారు. ఇది ప్రాణాంతకం. అప్పుడు పరికరపు చట్రం, ఇతర ఛానళ్ల గ్రౌండ్ క్లిప్పులు అన్నీ కొలిచే బిందువు వోల్టేజికి చేరతాయి. వాటిని తాకినవారి శరీరం గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది.

రకాలు

* 10:1 పాసివ్ ప్రోబు: సాధారణంగా 300 నుండి 600 వోల్టుల వరకు, భూమికి సాపేక్షంగా కొలవడానికి.
* 100:1 పాసివ్ ప్రోబు: కొన్ని వేల వోల్టుల వరకు. మొన కెపాసిటెన్సు తక్కువ కనుక వలయంపై భారం కూడా తక్కువ.
* 1000:1 ప్రోబు: పదుల కిలోవోల్టుల వరకు. ఉదాహరణకు టెక్ట్రానిక్స్ పీ6015ఏ ప్రోబు 20 కిలోవోల్టుల ఏకముఖ వోల్టేజిని భరిస్తుంది. దీని బ్యాండ్‌విడ్త్ 75 మెగాహెర్ట్జ్.
* డిఫరెన్షియల్ ప్రోబు: రెండు బిందువుల మధ్య వోల్టేజిని, వాటిలో ఏదీ భూమికి కలిసి లేకపోయినా కొలుస్తుంది.
* ఆప్టికల్ ఐసొలేటెడ్ ప్రోబు: సంకేతాన్ని కాంతి తంతువు ద్వారా పంపుతుంది. టెక్ట్రానిక్స్ సంస్థ 2016లో ఐసోవ్యూ పేరుతో ఈ రకాన్ని విడుదల చేసింది.

మల్టీమీటర్ల కోసం తయారైన అధిక వోల్టేజి ప్రోబులు చూడడానికి 1000:1 ప్రోబుల వలె ఉంటాయి. కాని వాటిలో కంపెన్సేషన్ ఉండదు, అవి 10 మెగాఓముల ఇన్‌పుట్ నిరోధానికి ఉద్దేశించినవి. ఆసిలోస్కోపుకు తగిలిస్తే అవి తప్పు విలువలను చూపుతాయి.

ఎంపికకు ఒక ఉదాహరణ

400 వోల్టుల ఏకముఖ సరఫరాపై పనిచేసే హాఫ్ బ్రిడ్జి వలయంలో, పై ట్రాన్సిస్టరు గేటు, సోర్సుల మధ్య 15 వోల్టుల సంకేతాన్ని కొలవాలనుకుందాం. సోర్సు 0 నుండి 400 వోల్టులకు 10 నానోసెకన్లలో పెరుగుతుంది. 0.35ను ఈ ఉత్థాన కాలంతో భాగిస్తే 35 మెగాహెర్ట్జ్ వస్తుంది. కొలత నమ్మదగినదిగా ఉండాలంటే ప్రోబు బ్యాండ్‌విడ్త్ దీనికి 3 నుండి 5 రెట్లు, అంటే 100 మెగాహెర్ట్జ్ పైబడి ఉండాలి. స్విచింగ్ సమయంలో వోల్టేజి 400ను దాటి ఎగసే అవకాశం ఉన్నందున, కనీసం 1000 వోల్టుల ప్రోబును ఎంచుకోవడం మేలు.

గ్రౌండ్ క్లిప్పును సోర్సుకు తగిలించరాదు. రెండు 10:1 ప్రోబులతో కొలిచి ఒకదాని నుండి మరొకటి తీసివేస్తే, వాటి నిష్పత్తిలో 1 శాతం తేడా ఉన్నా 4 వోల్టుల దోషం వస్తుంది. డిఫరెన్షియల్ ప్రోబులో ఉమ్మడి వోల్టేజి తిరస్కరణ 60 డెసిబెళ్లయితే దోషం 0.4 వోల్టులు మాత్రమే. కాని పౌనఃపున్యం పెరిగే కొద్దీ తిరస్కరణ తగ్గుతుంది. అది 30 డెసిబెళ్లకు దిగితే దోషం దాదాపు 13 వోల్టులై, అసలు సంకేతంతో సమానమంత అవుతుంది. ఇటువంటి కొలతలకు ఆప్టికల్ ప్రోబు అనువైనది.

జాగ్రత్తలు

* ప్రోబు తగిలించే ముందు సరఫరా ఆపి, కెపాసిటర్లలో మిగిలిన ఆవేశాన్ని తగిన నిరోధకం ద్వారా తొలగించి, వోల్టేజి లేదని మీటరుతో నిర్ధారించుకోవాలి.
* ప్రోబు, ఆసిలోస్కోపు, తొడుగులు, క్లిప్పులలో అన్నిటికన్నా తక్కువ పరిమితి గలదే మొత్తం అమరికకు పరిమితి.
* చేతిని వేళ్ల రక్షణ అంచుకు ముందుకు జరపరాదు. తీగ పైపూత చిట్లిన ప్రోబును వాడరాదు.
* గ్రౌండ్ తీగ పొట్టిగా ఉండాలి. 15 సెంటీమీటర్ల తీగకు సుమారు 150 నానోహెన్రీల ప్రేరకత్వం ఉంటుంది. అది 10 పికోఫారడ్లతో కలిసి 130 మెగాహెర్ట్జ్ వద్ద అనునాదం చెంది, వలయంలో లేని డోలనాలను తెరపై చూపుతుంది.
* చేతితో పట్టుకునే ప్రోబుల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61010-031. ప్రోబుపై ఉన్న క్యాట్ వర్గం, కొలిచే చోటుకు తగినదో కాదో చూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* ఆసిలోస్కోపు
* మల్టీమీటరు
* కెపాసిటర్
* ట్రాన్సిస్టరు